మనిషిని చూస్తే వెలిగే లైటు

ఇప్పుడంటే ఆఫీసు బాత్రూముల్లో కూడా మనిషి అడుగు పెట్టగానే లైటు దానంతటదే వెలుగుతోంది, మనం తలెత్తయినా చూడకుండా మన పని చూసుకుని వస్తున్నాం. ఆ రోజుల్లో మాకు అదొక మహిమ. (ఆ రోజులంటే చెకుముకి రాళ్ల కాలమేం కాదు, నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. చేతిలో మంచి ఫోనే ఉండేది, కొత్త ఇంటిని చూసి నోరు తెరవడం మాత్రం ఇంకా మిగిలి ఉండేది.) పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరాను. నాయన రుద్రారంలో వ్యవసాయం వదిలి ఫ్యాక్టరీ షిఫ్టుల్లో పడ్డప్పటి నుంచి మేం పటాన్‌చెరులో కిరాయి ఇళ్లలోనే కాలం గడిపాం. ఇన్నాళ్లకు అమీన్‌పూర్‌లో, చెరువు వైపున లేస్తున్న అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు మాదైంది. ఇక మిగిలింది ఎక్స్‌ట్రాలు ఎంచుకోవడం. అంటే ఇంటితో పాటు రానివి, కోరి పెట్టించుకోవలసినవి. మా స్తోమతకు ఒక్కటంటే ఒక్కటే కుదురుతుందని నాయన ముందే తేల్చేశాడు. అది నా జీతంలోంచే గనుక ఏది కావాలో తేల్చే పని నా మీదే పెట్టాడు. "నీ కమాయి బిడ్డా, నువ్వేదంటే గదే," అన్నాడు.

ఒక ఆదివారం అమ్మా, నాయనా, నేనూ ముగ్గురం మోడల్ ఫ్లాటు చూడటానికి వెళ్లాం. ఎక్స్‌ట్రాలన్నీ బిగించి, మనలాంటివాళ్ల మతి పోగొట్టడానికి సిద్ధంగా ఉంచిన ఇల్లది. చూపించే అబ్బాయి కోస్తావైపు నుంచి వచ్చినవాడు, మాట చివర అండీ లేకుండా ఊపిరి కూడా తీసుకోడు కాబట్టి మేం అతనికి అండీగారు అని పేరు పెట్టుకున్నాం. తలుపు తీసి, "రండమ్మా, లోపలికి రండండీ," అన్నాడు. నేనూ నాయనా వెళ్లాం. అమ్మ మాత్రం గుమ్మం బయటే ఆగి, నేల వైపు వంగి దేనికోసమో వెతుకుతోంది.

"గిదేంది బిడ్డా, కడప ఏది?" అంది. (గడపను మావైపు కడప అంటారు.) నిజమే, లోపలి పాలరాయి, బయటి పాలరాయి ఒకదానిలోకి ఒకటి జారిపోయాయి. మధ్యన ఏమీ లేదు. "ఇప్పుడెవరూ గడప పెట్టించుకోవట్లేదండీ. ఇల్లు తుడిచే రోబోకి అడ్డమండీ. కావాలంటే ఎక్స్‌ట్రా కింద పెట్టిస్తామండీ," అన్నాడు అండీగారు. అమ్మ బిత్తరపోయింది. "కడప ఎక్స్‌ట్రానా? బర్రెల కొట్టానికి ఉండది గని, మనుషుల ఇంటికి ఉండదా? దేన్ని దాటి కుడికాలు వెట్టాలె? నేనైతే రాను. మీరు సూసి రాండ్రి."

అలా అంటూనే లోపల ఏముందోనని తల కొంచెం ముందుకు వంచింది. అంతే, పైనున్న లైటు భళ్లున వెలిగింది. ఎవరూ స్విచ్చి ముట్టలేదు. (మేం వచ్చినప్పుడూ వెలిగే ఉంటుంది, లోపలి తళుకులు చూస్తూ మేం తలెత్తలేదు.) దీపం వెలిగితే దణ్ణం పెట్టుకోవడం అమ్మకు పుట్టుకతో వచ్చిన అలవాటు, రెండు చేతులూ జోడించింది. ఆ దణ్ణం తనకేననుకుని అండీగారు కంగారుగా తిరిగి దణ్ణం పెట్టాడు. ఆమె కదలకుండా నిలబడేసరికి లైటు ఆరిపోయింది. ఏమైందని కదిలితే మళ్లీ వెలిగింది, మళ్లీ దణ్ణం, మళ్లీ అండీగారి దణ్ణం. కాసేపటికి ఇద్దరూ అలిసిపోయారు. నేను మాత్రం ఆ లైటు కిందే నిలబడిపోయాను. మేం వచ్చామని ఒక ఇల్లు గుర్తించడం! కిరాయి ఇళ్లలో మేం వస్తే ఓనరు మొహం మాడిపోవడమే గాని, ఇంటికి వెలుగొచ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు. నా ఎక్స్‌ట్రా ఏదో నాకు ఆ క్షణానే తెలిసిపోయింది.

చివరికి అమ్మే ఉపాయం కనిపెట్టింది. నాయన భుజం మీది తువ్వాల లాగి, చుట్టగా చుట్టి, తలుపు దగ్గర అడ్డంగా పరిచింది. దాన్ని దాటి కుడికాలు లోపల పెట్టింది. ఆమె వెనకాల అండీగారు కూడా ఎందుకైనా మంచిదని దాన్ని దాటే వచ్చాడు. ఆ తర్వాత ఫ్లాటు చూడటానికి వచ్చిన ఇంకో కుటుంబమూ భక్తిగా తువ్వాల దాటింది. ఆ ఇల్లాలు, "ఇది ఫ్లాటుతోనే వస్తదా?" అని అడిగింది కూడా.

ఈలోగా నాయన మనసు వేరేచోట పడింది. బయట బెల్లు నొక్కితే లోపల గోడ మీది తెరలో మనిషి బొమ్మ కనిపించే యంత్రం అది. తను ఎలా కనిపిస్తాడో చూద్దామని బయటికి పోయి బెల్లు కొట్టాడు, తువ్వాల దాటి లోపలికి ఉరికొచ్చి తెర చూశాడు. ఎవరూ లేరు. మళ్లీ పోయాడు, ఇంకా జోరుగా ఉరికొచ్చాడు. "ఎవలు లేరు గదనే! ఖరాబున్నదా ఏంది?" అన్నాడు అమ్మతో, రొప్పుతూ. ఆఖరికి నన్ను బయట నిలబెట్టి బెల్లు కొట్టించి, లోపలినుంచి కేకేశాడు: "ఓ బిడ్డా! అచ్చం నీ లెక్కనే ఉన్నది!"

మరునాడు ల్యాబులో నేను ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. మా ఇంట్లో మనిషి వస్తే వెలిగే లైటు పెట్టిస్తున్నామని అందరికీ చాటాను. నా పక్క టేబుల్ అక్క ఒకామె ఉంది, ఏది చెప్పినా నిగ్గు తేల్చందే నమ్మదు, మేం ఆమెను మైక్రోస్కోపక్క అనేవాళ్లం. "గృహప్రవేశంకు వస్తం గద, సూస్తం," అంది, కళ్లు చిన్నవి చేసి.

శుక్రవారం పొద్దున కంపెనీ బస్సుకు బయల్దేరుతుంటే అమ్మ కిరాయి ఇంటి గడప కడిగి పసుపు రాస్తోంది. "ఖాళీ చేసిపోయే ఇంటికి ఎందుకే అమ్మా?" అన్నాను. తలెత్తకుండానే చెప్పింది. "ఎన్ని ఇండ్లు మారినం! అన్ని కడపలకు పూసిన. పూసినోళ్లది గాదు గద బిడ్డా కడప, ఇంటోళ్లది. నాదనేది ఒక్కటి ఉంటె బాగుండు అనిపిస్తది." అంతలోనే నవ్వేసింది. "అయినా ఆ లైటు మంచిగున్నది. నువ్వు లైటే వెట్టించుకో. నేను తువ్వాల ఏసుకుంట తియ్."

బస్సు పాశమైలారం వైపు పోతుంటే నా మనసు మాత్రం రుద్రారం నుంచి మేం మారిన ఇళ్ల గడపలన్నీ తిరిగింది. దిగేలోపల అండీగారికి ఫోన్ చేశాను. "టేకు గడప పెట్టించండి" అని చెప్పాను. ఇక లైటు లేనట్టే. సాయంత్రం సంగతి చెబితే అమ్మ నా తల నిమిరి, పోయి పాయసం చేసింది. నాయన మాత్రం, "బెల్లెందుకు? తలుపు కొడ్తె ఇనవడదా?" అని తనకు తానే చెప్పుకున్నాడు.

గృహప్రవేశం రోజున అమ్మ తన గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కాసేపు దాని పక్కనే నేల మీద కూర్చుంది. పాలు పొంగాయి, చుట్టాలు తిన్నారు. నాకు మాత్రం ల్యాబులో చాటిన లైటే కళ్లముందు మెదులుతోంది. సాయంత్రం షిఫ్టు దిగి ల్యాబువాళ్లు వస్తారు. మైక్రోస్కోపక్క వస్తుంది. పొద్దుగూకుతుండగా రానే వచ్చింది, గుమ్మం ముందు ఆగింది. లైటు పెట్టించలేదని ఒప్పేసుకుందామని నోరు తెరిచాను. ఆమె గడప దాటి కుడికాలు పెట్టింది. లైటు వెలిగింది.

అమ్మ దణ్ణం పెట్టుకుంది, అక్క తనకేననుకుని తిరిగి పెట్టింది. "నిజమే ఉన్నదే!" అంటూ బయటికి పోయింది. ఆరిపోయింది. చెయ్యి మాత్రం లోపలికి ఊపింది. వెలిగింది. "మస్తు ఫాస్టున్నది! ఏ కంపెనీదే?" నేను నమ్మలేక పక్కకు చూశాను. తెరిచిన తలుపు రెక్క వెనక స్విచ్చి బోర్డు ఉంది. ఆ రెక్క కింది నుంచి నాయన కొత్త పంచె అంచు కనిపిస్తోంది.

"రుద్రారంది, అక్కా," అన్నాను.

తలుపు వెనకనుంచి గుసగుస వినిపించింది. "ఒక్కొక్కల్ని రమ్మను బిడ్డా. ఆర్పనీకి జెర టైం గావాలె."

ఇప్పుడా లైట్లు బజారులో ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, ఆదివారం పూట నేనే బిగించుకోగలను. బిగించలేదు. నా బండి చప్పుడు వినగానే మా ఇంట్లో లైటు ఇప్పటికీ వెలుగుతుంది. మోకాళ్ల నొప్పుల వల్ల ఈ మధ్య కొంచెం ఆలస్యమవుతోంది, అంతే. నేను తొందరపడను. గడప ఇవతలే నిలబడి, లోపల చెప్పుల చప్పుడు గోడ దాకా వచ్చేవరకూ ఆగుతాను. వెలిగాక కుడికాలు పెడతాను.