చెప్పకుండా విరిగిన ఫోర్కు

బ్రెమెన్‌లో మా ఆయన మొదటి సైకిల్‌ది పాతకాలపు స్టీలు ఫోర్కు. ముందు చక్రాన్ని పట్టుకునే ఆ రెండు కాళ్లూ కింద కాస్త ముందుకు వంపు తిరిగి ఉండేవి. ఓసారి ట్రామ్ పట్టాల్లో చక్రం ఇరుక్కుని అవి వెనక్కి వంగిపోయాయి. దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూ ఇంటిదాకా నడిపించుకొచ్చారు. స్టీలు అంతే. ముందు వంగుతుంది, ఇక నన్నెక్కకు అని చెబుతుంది.

తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో కార్బన్ ఫైబర్ ఫోర్కు ఉన్న సైకిల్ కొన్నారు. దాని కాళ్లు నిటారుగా, నల్లగా, ఎంతో తేలిగ్గా ఉండేవి. ఇండియన్ షాపు నుంచి బియ్యం తేవాలి కదా, పాత సైకిల్ ముందు క్యారియర్ ఊడదీసి, పట్టీల్లాంటి ఇనప క్లాంపులతో ఆ కాళ్లకి బిగించారు. బిగించాక మరని ఇంకో చుట్టు తిప్పారు.

"అంత బిగిస్తే పగలదా అండీ?" అన్నాను.

"ఈ ఊళ్లో విమానాలే కార్బన్‌తో చేస్తున్నారు. పది కిలోల సోనామసూరి మొయ్యదంటావా?" అని నవ్వారు.

చలికాలమంతా మోసింది. క్లాంపు కింద నలిగిన చోటు పైకి కనపడలేదు. ఒక శనివారం బియ్యంతో వంతెన దిగుతుంటే ఫోర్కు పుటుక్కున విరిగింది. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు, మళ్లీ ఇంటికి రాలేదు.

పరామర్శకొచ్చినవాళ్లు తలరాత అన్నారు. తలరాత కాదు, క్లాంపు అని అరిచాను. వాళ్లు చెప్పులేసుకున్నారు.

కింద కెల్లర్‌లో, అదే నేలమాళిగలో, సామాన్ల మధ్య ఆ స్టీలు ఫోర్కు ఇంకా వంకరగానే ఉంది. చూస్తే ఆయన తిట్లన్నీ వినిపిస్తాయి. ఆ కార్బన్‌దైతే తనని తిట్టడానికైనా ఆయన్ని మిగల్చలేదు.