మంచం కింద మిలిటరీ పోలీసు

పోలీసు మా లైను ఇళ్ల వీధిలోకి వచ్చి నా పేరు చెప్పి అడిగినప్పుడు నేను మంచం కింద ఉన్నాను. కాసేపటి ముందు వరకూ మంచం మీదే కూర్చుని, ఆర్మీలో మిలిటరీ పోలీసుగా చేరాలా, ఎయిర్‌ఫోర్స్ పోలీసుగా చేరాలా అని తల పట్టుకున్నాను (రెండింటికీ ఎంపికైన ఘనుణ్ణి). సందు మలుపులో ఖాకీ కనిపించగానే మా అత్త, అంటే నన్ను పెంచిన మా నాన్న చెల్లెలు, "దూరురా" అంది. దూరాను. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి అరవంలో "అప్పడి యారుమే ఇంగ ఇల్లీంగ సార్" అంది, అలాంటివాడు ఇక్కడెవడూ లేడని. ఎదురింటి అవ్వ తనను ఎవరూ అడక్కపోయినా, ఆ పిల్లోడు మేట్టుపాళయం పోయి చాలా కాలమైందని సాయం పలికింది. లేనివాడు మేట్టుపాళయం ఎలా పోయాడని పోలీసు అడగలేదు. ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో కోయంబత్తూరులోని మా తెలుగువాళ్ల లైనుకు పోలీసు వస్తే దానికి ఒకటే అర్థం. చుట్టుపక్కల బంగళాల్లో గొలుసు పోయినా సైకిలు పోయినా ముందు మా వీధికే వచ్చేవాళ్లు. వాళ్లు ఎవరి పేరు అడిగినా లేడనడం మాకు వానొస్తే ఆరేసిన బట్టలు తీయడం లాంటిది, ఆలోచించి చేసే పని కాదు. అలాంటి వీధిలో పుట్టిన నాకు పొడుగు తప్ప పోలీసు లక్షణం ఒక్కటీ లేదు. ఆ పొడుగు చూసే రెండుచోట్లా తీసుకున్నారు. ఏది ఎంచుకోవాలో చెప్పమని మిలిటరీ మామను అడిగాను. మా లైను నుంచి సైన్యంలో పనిచేసి వచ్చింది ఆయనొక్కడే.

"ఊరి పోలీసు దొంగను పట్టుకుంటాడు. ఆర్మీలో నువ్వు పట్టాల్సింది తుపాకీ ఉండేవాణ్ణి. ఆ మిలిటరీ పోలీసు ఎర్రటోపీ పెట్టుకుంటే క్యాంటీన్లో నీ పక్కన ఒక్కడూ కూచోడు. నేనే కూచోలేదు."

"అయితే ఎయిర్‌ఫోర్సా మామా?"

"ఆడ గేటు కాడ ఒంటిగా నిలబడాల. తోడుకు కుక్కనిస్తారు."

"కరుస్తుందా?"

"నువ్వు దొంగవి కాదని దానికి తెలిసేదాకా."

ఈ సలహాతో నాకు అన్నం దిగడం మానేసింది. పోలీసు వచ్చి వెళ్లిన రోజు సాయంత్రం సంగతి విని మామ నెత్తి కొట్టుకున్నాడు. "సుమ్మా, ఊరికే వచ్చిండాడనుకుంటిరా? చేరేవాడు ఎట్లాంటోడో విచారించేదానికి స్టేషన్ నుంచి వస్తారు. మనిషే లేడని రాస్తే నీకు ఆర్మీ లేదు, ఎయిర్‌ఫోర్సూ లేదు."

అత్త ఆ పూట పొయ్యి వెలిగించలేదు. తెల్లారాక గుడికి కట్టే చీర (మాది ఏసు గుడి) కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని స్టేషన్‌కు నడిచింది. మా లైను వాళ్లను స్టేషన్‌కు తీసుకుపోవడమే తప్ప, తమంతట తాము వెళ్లిన వాళ్లు ఎవరూ లేరు. మెట్ల దగ్గర ఆమె నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

నిన్నటి పోలీసే ఉన్నాడు. "అలాంటివాడు లేడన్నది నువ్వే గదమ్మా?"

"అది నిన్న సార్. ఈ పొద్దు ఉండాడు."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. నా పొడుగంతా చూడడానికి కాసేపు పట్టింది. "నిన్న ఎక్కడున్నావురా?"

"మంచం కింద సార్."

"ఇంతకీ ఏ పోలీసు అవుతావు? ఆర్మీయా, ఎయిర్‌ఫోర్సా?"

నోరు తెరిచాను. రెండింటిలో ఒక్కటీ బయటికి రాలేదు. అత్త ముందుకు జరిగి, కూరగాయల బండి దగ్గర అడిగినట్టు అడిగింది. "ఆ రెండిట్లో ఇండ్లకొచ్చి మనుషుల్ని అడగని పోలీసు ఏది సార్?"

ఆయన కలం కింద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "ఎయిర్‌ఫోర్స్ వాళ్లు చాలావరకు గేటు దగ్గరే ఉంటారమ్మా."

"అయితే అదే రాసుకోండి సార్."

నేను ఉన్నాననీ, మంచివాణ్ణేననీ ఆయన రాశాడు. అలా నా జీవితంలోని పెద్ద నిర్ణయం, నేను నోరు తెరుచుకుని నిలబడి ఉండగా, జరిగిపోయింది. రిటైరయ్యేదాకా గేట్ల దగ్గరే నిలబడ్డాను. కుక్క చాలా కాలానికి నన్ను నమ్మింది. నేను దాన్ని ఇంకా ఆలస్యంగా నమ్మాను. బెల్టూ మీసమూ వచ్చాక భయం పోతుందనుకునేవాణ్ణి. ఆ నమ్మకం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఆర్మీ వాళ్లకు రానని రాయాలంటే భయమేసి జవాబే ఇవ్వలేదు. వాళ్లూ మళ్లీ అడగలేదు. రైల్వేస్టేషన్‌లో ఎర్రటోపీ కనిపిస్తే ఇప్పటికీ అవతలి ప్లాట్‌ఫారానికి మారతాను. వాళ్ల లెక్కలో నేను రానన్నవాణ్ణో, ఇంకా రావలసినవాణ్ణో ఈ రోజుకీ నాకు తెలియదు.