బస్సు పోని తొవ్వల మా వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయిన సంగతి మా బిడ్డ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. నేను బర్రె కింద కూర్చుని పాలు పిండుతున్నాను. "బాపూ, మామ లేస్తలేడు" అంది. నాకు అర్థం కాలేదు. లేవకపోతే లేపు బిడ్డా అన్నాను. అటు దిక్కు నుంచి ఏడుపు వినపడ్డాకగానీ తెలిసిరాలేదు.

నిజం రాయాలి గనుక రాస్తున్నాను. చెంబు పట్టుకొని లేస్తుంటే నాకు వచ్చిన మొదటి ఆలోచన మంచిది కాదు. ఇకనైనా నా బిడ్డ నాకు దక్కుతుందేమో అనుకున్నాను. వెంటనే సిగ్గేసింది. కానీ అనుకున్నది అనుకున్నదే.

సమాధుల తోటలో మట్టి వేశాక, వియ్యంకుడిగా రెండు మాటలు చెప్పమని పాస్టరయ్య నన్ను పిలిచాడు. ముందుకు పోయి నిలబడ్డాను. నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు ఎన్నడూ లేదు. కండువాతో మూతి తుడుచుకొని వెనక్కి వచ్చాను. దుఃఖంతో నోరు పెగల్లేదనుకున్నారు. అది దుఃఖం ఒక్కటే కాదు. ఆ రోజు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆయనది జైనూర్ దిక్కు గుట్టల మీది ఊరు. మాది లక్సెట్టిపేట పక్కన గోదావరి ఒడ్డు. ఆయన పశువుల దవాఖానలో కాంపౌండర్. నౌకరీ ఉన్నన్నాళ్లు మందుల సంచి తగిలించుకొని సైకిల్ మీద గూడేలు తిరిగాడు. నౌకరీ అయిపోతే ఎవరైనా సైకిల్‌ను మూలకు పెడతారు. ఆయన అసలు తిరుగుడు అప్పుడే మొదలుపెట్టాడు. పనేమీ లేదు. ఊరికే, తిరగడం కోసం తిరగడం.

వానలు తగ్గి ఒర్రెల్లో నీళ్లు దిగాయంటే ఇక ఇంట్లో ఉండేవాడు కాదు. గుడ్డలో జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు కట్టుకొని, గాలి పంపు, పంచర్ సామాను సంచిలో వేసుకొని బయలుదేరేవాడు. ఒక్కోసారి మూడు రోజులకు వచ్చేవాడు. డాంబర్ రోడ్డు ఎక్కేవాడు కాదు. బండ్ల బాటలు, అడవి తొవ్వలు, పొలాల వెంబడి దారులు, అన్నీ ఆయనకు తెలుసు. "బస్సు పోయే తొవ్వ బస్సుకే ఉండనియ్ బావా. మనకు వేరే ఉన్నయ్" అనేవాడు. బర్రె కట్టుకొయ్య దాటి రెండు పూటలు ఎటూ పోలేని నాకు ఆ మాట ఎట్లా వినిపించి ఉంటుందో చదివేవాళ్లు ఊహించుకోవచ్చు.

నా కుళ్లుకు అసలు కారణం అది కాదు.

మా బిడ్డ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు సైకిల్ నేర్చుకుంటానని అడిగింది. ఇంట్లో సైకిల్ ఉంది. పాల క్యాన్లు కట్టుకొని రోజూ నేనే తొక్కేవాణ్ణి. ఆడపిల్లకు సైకిలెందుకన్నాను. తొవ్వ మీద పోతుంటే నలుగురూ చూస్తారని నా భయం. చూస్తే చూడనీ అనే ధైర్యం నాకు నా విషయంలోనే లేదు, ఆమె విషయంలో ఎక్కడి నుంచి వస్తుంది. ఆమె మళ్లీ అడగలేదు. మరిచిపోయిందనుకున్నాను.

పెళ్లయిన రెండో ఏడు ఆమెను చూసివద్దామని పల్లికాయ సంచితో బస్సెక్కాను. అల్లుడు నౌకరీ మీద బెల్లంపల్లిలో ఉంటాడు, వారానికొకసారి ఇంటికి వస్తాడు. అత్తగారింట్లో బిడ్డ ఎట్లా ఉందోనని నాకు ఫికర్. వాళ్ల ఊరి మలుపు కాడ దిగి బీడీ ముట్టించుకుంటుంటే గుట్ట మీది నుంచి రెండు సైకిళ్లు దిగుతూ కనిపించాయి. మోదుగులు పూసిన కాలం. ముందు ఒక లేడీస్ సైకిల్. దాని మీద పంజాబీ డ్రెస్ వేసుకొని, చున్నీ నడుముకు బిగించి కట్టుకొని, మా బిడ్డ. వెనక ఆయన. ఇద్దరూ తొక్కడం లేదు, జారుతున్నారు. వేరే ఏ చప్పుడూ లేని తొవ్వ కాబట్టి ఫ్రీవీల్ కిటకిట నా దాకా వినిపించింది. దానితోపాటు మా బిడ్డ నవ్వు. అట్లాంటి నవ్వు మా ఇంట్లో నేను వినలేదు. బస్టాండు గోడ వెనక్కి జరిగి, వాళ్లు దాటిపోయేదాకా నిలబడ్డాను. తర్వాత ఇంటికి పోయి, ఏమీ చూడనట్టే పల్లికాయ ఇచ్చి, అన్నం తిని వచ్చాను.

ఆమెకు ఎట్లా నేర్పినవని తర్వాతెప్పుడో ఆయనను అడిగాను.

"నేనేం నేర్పిన బావా. సైకిల్ చేతికిచ్చి, అటు దిక్కు మొఖం తిప్పి నిలబడ్డ. చూసేటోళ్లు ఉంటెనే ఎవలైన పడుతరు" అన్నాడు.

ఆయనకు మా ఇంటి సంగతి తెలియదు. తెలిసి అన్న మాట కాదు. అయినా చాలా రోజులు ఆ మాట పంటి కింద రాయిలాగా ఉండిపోయింది. నేను ఇవ్వవలసినదాన్ని ఆయన ఇచ్చాడు. దానికి దండం పెట్టాలి. పెట్టలేకపోయాను.

శనివారం వచ్చిందంటే మామాకోడళ్లు గుట్టలకు పోయేవారు. వారం మధ్యలో మా బిడ్డ నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఆ ముచ్చట్లే. ఏ వాగు కాడ నెమళ్లు కనిపించాయి, ఏ గూడెంలో ఇప్పపూలు ఎండబోశారు. నేను ఊఁ అంటూ వినేవాణ్ణి. నా బర్రె గురించి ఎంతసేపు చెప్తాను.

ఒక్కపారి రా బావా అని ఆయన ఎన్నిసార్లు పిలిచాడో. మూడేళ్ల కింద ఒకసారి పోయాను. ప్రేమతో కాదు. ఆయన నాకన్నా మూడేళ్లు పెద్ద. నేను ముప్పై ఏళ్లు పాల క్యాన్లు మోసినవాణ్ణి. చూపిద్దాం అనుకున్నాను. మొదటి గుట్ట ఎక్కుడు రాగానే, అడిగి తెచ్చిన సైకిల్ మీద, ఆయననూ బిడ్డనూ దాటేసి ముందుకు తొక్కాను. ఇది శాన పొడుగున్నది బావా, నిమ్మలంగ అని వెనక నుంచి అన్నాడు. వినలేదు. సగం గుట్ట కాడ రొమ్ము పట్టేసింది. టేకు చెట్లు కళ్ల ముందు తిరిగాయి. సైకిల్ పడేసి రాయి మీద కూలబడ్డాను.

వాళ్లు సైకిళ్లు నడిపించుకుంటూ, మాట్లాడుకుంటూ వచ్చారు. ఆయన నన్ను ఒక్కసారి చూశాడు. చెయిన్ జారుతున్నది బిడ్డా, ఇక్కడ ఆగుదాం అన్నాడు. తన సైకిల్ బోర్లేసి, ఏమీ కాని చెయిన్‌ను అరగంట సేపు సరిచేశాడు. మా బిడ్డ పక్కన కూర్చుని చక్రం పట్టుకుంది, నిజంగానే ఏదో చెడిపోయినట్టు. నాకు ఊపిరి కుదురుకున్నాక చెయిన్ కూడా బాగైంది. ఇద్దరూ కలిసి నా పరువు కాపాడారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కాళ్లలో బలం ఎక్కువుంటే ఉండనీ, మంచితనం కూడా ఆయనకే ఎక్కువుండాలా.

మిగతా గుట్ట నడిచే ఎక్కాం. నాకు నామోషీగా ఉందని కనిపెట్టినట్టున్నాడు. "సైకిల్ ఎక్కినంక దిగనే దిగమని ఎవలకన్న రాసిచ్చినమా బావా" అన్నాడు. మా బిడ్డ నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికొచ్చాక ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఆ రోజు గూడేలలో పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఆయనకు రాం రాం చెప్పారు. ఆదివారం చర్చి మానని మనిషి, ఒక్కొక్కరి కాడ ఆగి రాం రాం అన్నాడు, ఎవరి ఆవు ఈనిందో అడిగాడు. నా వైపు ఎవరూ చూడలేదు. చూడకుంటేనే నయమని బతికినవాణ్ణి, ఎవరైనా చూస్తే బాగుండునని ఆ రోజు అనిపించింది.

ఆయన పోయి నెల దాటాక మా బిడ్డ ఫోన్ చేసింది. శనివారం గుట్టలకు పోతానంది. మామ సైకిల్ ఊరికే ఉన్నది, వస్తవా బాపూ అంది. బర్రెను పక్కింటివాళ్లకు అప్పజెప్పి ముందురోజే పోయాను. నా ఎత్తుకు సీటు దించి పెట్టింది. దాన్ని చూసి సంతోషపడ్డాను, దాచను. నా వంతు వచ్చిందనుకున్నాను.

పత్తి ఏరే రోజులు. మట్టి తొవ్వ మీద మంచుకు దుమ్ము లేవలేదు. ఎంత దూరం పోయినా ఒక్క మోటారు చప్పుడు లేదు. ఎక్కుళ్ల కాడ దిగి నడిచాం.

పైన గూడెంలో ఒక గుడిసె హోటలుంది. దాన్ని నడిపే ముసలామె మా బిడ్డను చూసి పొయ్యి కాడి నుంచి లేచి వచ్చింది.

"శాన దినాలాయె బిడ్డా. మీ బాపు ఏడి?"

నేను పక్కనే నిలబడి ఉన్నాను. కనపడ్తలేనా అమ్మా అనబోయాను. అప్పుడు తెలిసింది ఆమె ఎవరిని అడుగుతోందో. ఆ తొవ్వల మీద ఇన్నేళ్లూ అందరూ ఆయననే నా బిడ్డకు తండ్రి అనుకున్నారు. కాదని వీళ్లిద్దరూ ఎన్నడూ చెప్పలేదు.

మట్టి కింద ఉన్న మనిషి మీద కూడా కడుపు మండుతుందని నాకు తెలియదు. నేనే ఆమె బాపునన్న మాట నాలుక మీదికి వచ్చింది. పదేళ్లకు పైగా నేను చెప్పాలనుకున్న మాట అదొక్కటే. బిడ్డ వైపు చూశాను. రెండు చేతులతో హ్యాండిల్ గట్టిగా పట్టుకొని ఉంది. చెప్పాలని నోరు తెరుస్తోంది, మాట రావడం లేదు. నోరు పెగలకపోవడం మాత్రం ఆమెకు నా నుంచే వచ్చింది.

"పోయిండమ్మా" అన్నాను. "నెల దాటింది."

ముసలామె గుడిసె గుంజ పట్టుకొని నిలబడింది. తర్వాత నన్ను చూసింది.

"మరి నువ్వేమైతవు ఆయనకు?"

"బావనైత."

చాయ్ తాగి బయలుదేరాం. గూడెం దాటాక తొవ్వ వెడల్పై, నిదానంగా కిందికి దిగుతుంది. పొద్దుటి నుంచి ముందు పోతున్న నా బిడ్డ వేగం తగ్గించి నా పక్కకు వచ్చింది. రెండు సైకిళ్లు జోడుగా జారుతున్నాయి. కొంత దూరం పోయాక ఒక చెయ్యి హ్యాండిల్ మీది నుంచి తీసి నా భుజం మీద వేసింది. ఆ చెయ్యి ఎవరి భుజానికి అలవాటైందో నాకు తెలుసు. అయినా తల తిప్పలేదు. ఎదురుగా ఏ బండీ రావద్దని, మేకల మంద ఒక్కటి కూడా అడ్డం రావద్దని అనుకుంటూ, బ్రేకు ముట్టకుండా అట్లాగే పోయాను.