కరెంటు పెట్టించుకున్న రూతమ్మత్త

ఉడకబెట్టిన పాతగుడ్డలు ఎండలో ఆరుతుంటే ఒక వాసన వస్తుంది. కోడలు బాలింత కావడంతో ఇప్పుడు మా దొడ్డి నిండా అదే వాసన. అది తగిలినప్పుడల్లా చేతిలో పని వదిలి లోపలికి పోయి బాలింతను చూసి వస్తాను. మద్రాసు ఆసుపత్రి వసారాలో రూతమ్మత్త కోసం ఇట్లాంటి గుడ్డలే ఆరేసేదాన్ని. అవి ఆరేలోపు ఆమెకు ఏమవుతుందోనని లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉండేదాన్ని.

రూతమ్మత్త మార్కాపురంలో రొట్టెల అంగడి నడిపేది. పలకల గనుల్లో పనిచేసేవాళ్ళు పొద్దున్నే ఆమె జొన్నరొట్టెలు కట్టించుకుని పోయేవాళ్ళు. నా మగడు పోయాక నన్ను పిండి విసరడానికి పెట్టుకుంది. చుట్టం కాకపోయినా అత్తా అనే పిలిచేదాన్ని. ఆమె భారీ మనిషి. లేస్తే పీట కూడా అంటుకుని లేస్తుందని గని మేస్త్రి ఎకసెక్కమాడేవాడు. "నాతో పాటు లేచేది అదొక్కటే, దానికి గూడా దిష్టి పెట్టబాకు నాయనా" అని అందరికంటే ముందు ఆమే నవ్వేది. ఎవరైనా మనల్ని చిన్నబుచ్చబోతే ముందు మనమే మాట అందుకోవాలని ఆమెను చూసే నేర్చుకున్నాను.

ముట్టు నిలిచి చాలా ఏళ్ళయిన ఆమెకు మళ్ళీ రక్తం కనిపించింది. "పుష్టిగల ఒళ్ళు గదా, ఎక్కువైన రక్తం పోతా ఉంది, మంచిదే" అన్నారు చుట్టుపక్కల ఆడవాళ్ళు. ఆమె కూడా మంచిదేలే అని ఊరుకుంది. జొన్న కోతలనాటికి నిలబడలేకపోయింది. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ చూసి, గర్భసంచిలో రాచపుండు, కాన్సరు అంది. అంత ఒళ్ళున్న మనిషికి కడుపు కోయడం ప్రమాదం, మద్రాసు పోయి పుండును మాడ్చే కిరణాలు, అదే కరెంటు, పెట్టించుకోమంది. ఆమెకు నా అనేవాళ్ళు లేరు. రైల్లో నేనే వెంట పోయాను.

అక్కడ కరెంటు ఎక్కడ పెట్టాలో తెలిసేట్టు ఆమె పొత్తికడుపు మీద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. అవి చెరగకూడదని స్నానం వద్దన్నారు. రోజూ కరెంటు పెట్టేకొద్దీ పొట్ట కింద, తొడల మడతల్లో చర్మం కమిలి ఊడసాగింది. గాలి ఆడడానికి మెత్తటి గుడ్డలు దూర్చేదాన్ని. దానికితోడు విరేచనాలు. "ఒళ్ళు ఎక్కువ కదమ్మా, కరెంటు లోపలిదాకా చేరడం కష్టం. ఇంకొన్నాళ్ళు ఓర్చుకోవాలి" అంది అక్కడి డాక్టరమ్మ.

ఆ మాట తర్వాత గంజిగిన్నె ఎప్పుడు చూసినా ఖాళీగా ఉండేది. తింటోందని సంతోషపడ్డాను. ఒకరోజు చూస్తే కిటికీ అవతల కాలవలో గంజి.

"ఏందత్తా ఇది?"

"అరవబాకు మార్తా. నేను చిక్కితే కరెంటు పుండుదాకా పోతుంది."

"పానం పోతే?"

ఆమె గోడ వైపు తిరిగింది. "అంగడిలో నన్ను జూసి నేనే నవ్వుకుంటి. ఈడ బట్టలిప్పి పండుకుంటే నవ్వు రాలా మే. సిగ్గయితా ఉంది."

చెబితే ఊరికి పంపేస్తారేమో, చెప్పకపోతే ఆమె దక్కదేమో. భయపడుతూనే పోయి చెప్పాను. డాక్టరమ్మ కోప్పడలేదు. మంచం పక్కన కూచుంది.

"ఈ గీతలు నీ ఒంటికి కొలిచి గీసినవమ్మా. నువ్వు చిక్కితే అవి జరిగిపోతాయి, కరెంటు వేరేచోట పడుతుంది. నీరసపడితే అసలు పెట్టలేను. నీ లావు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు తిను చాలు."

బలం వచ్చేదాకా కరెంటు ఆపేశారు. ఆ రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలియదు. ఆపినందుకు లోపల పుండు పెరుగుతోందేమోనని ఒక భయం. ఆమె కళ్ళు మూసుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. అట్లా చూస్తుంటే ఒకసారి కళ్ళు తెరిచింది. "వేలు తీసి ఆ గంజి ఇట్లియ్యి. గొడ్డుకు కలిపినట్ల కలుపుతారు, ఉప్పు గూడా ఉండదు" అంది. గీతలు మళ్ళీ గీశారు. మిగిలిన కరెంటు పెట్టారు.

రక్తం నిలిచింది. ఆమె చాలా ఏళ్ళు బతికింది. కడుపు మాత్రం తిరిగి కుదురుకోలేదు. ఆదివారం ఏసుగుడిలో వాకిలి పక్కనే కూచునేది. "ఏంది రూతమ్మా, ప్రసంగం మధ్యలో పారిపోవడానికా?" అని ఒకామె ఎగతాళి చేసింది.

"అవును. కరెంటు పెట్టినాక నా కడుపు అయ్యగారి మాట గూడా ఇనడంల్యా" అని, ఆ నవ్వులు ఆగాక ఆడవాళ్ళందరికీ వినబడేట్టు చెప్పింది. "ముట్టు నిలిచినాక రక్తం కనబడితే మంచిదనుకోబాకండి. నేను అట్లా అనుకొనే ఇట్లయినాను."

ఇప్పుడు అంగడి నేనే నడుపుతున్నాను. రొట్టెలకు వచ్చే ఆడవాళ్ళలో ఎవరో ఒకరు, ముట్టు నిలిచినాక మళ్ళీ కనబడింది, పడుచుదాన్నయినానని నవ్వుతూ చెబుతారు. నాకు నవ్వు రాదు. పక్కకు పిలిచి ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతాను. ఆమె జవాబు చెప్పేదాకా నా చేతిలోని పిండిముద్ద పెనం మీదికి పోదు.