డ్రమ్ము లోపల అని రాయలేదు

నలభై ఆరేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. వయసుతో పాటు బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

వరంగల్‌లో ఒక మిల్లు. పేరు వద్దు. అందులో నేను స్టోరు గుమాస్తాను. పంతొమ్మిది వందల డెబ్బైతొమ్మిదిలో మిల్లును ఆరు రోజులు ఆపి ఆవిరి బాయిలర్ మరమ్మతు పెట్టుకున్నారు. ఎప్పుడు తలచుకున్నా ఆ రోజులు తెల్లగానే కనిపిస్తాయి. చల్లారుతున్న బాయిలర్ నుంచి మిగిలిన ఆవిరి నెమ్మదిగా లేచి, పైరేకుల సందుల్లోంచి పడే ఎండలో తేలుతూ ఉండేది. అందులోకి నడిచి వెళ్లినవాళ్లకు ముందు కాళ్లు మాయమయ్యేవి, తర్వాత ముఖాలు. గొంతులు మాత్రం మిగిలేవి.

బాయిలర్‌లో ఒక పెద్ద ఇనుప డ్రమ్ము ఉంటుంది. మనిషి పాకుతూ దూరగలడు, కూర్చోగలడు, నిలబడలేడు. దాని గోడలో బిగుసుకుపోయిన ఎనభై నాలుగు పాత గొట్టాల కొసలను తొలిచి తీయాలి. మామూలుగా ఆ పని బయటి నుంచే జరిగేది. ఏ డ్రిల్లు తెప్పించాలో పోల్చి కాగితం రాయడం నా పని. కరెంటుదైతే కొసకు పది నిమిషాలు, మొత్తం పద్నాలుగు గంటలు. గాలితో తిరిగేదైతే కొసకు పద్నాలుగు నిమిషాలు, మొత్తం పంతొమ్మిది గంటల ముప్పై ఆరు నిమిషాలు. పైగా దానికి గాలినిచ్చే కంప్రెసర్ డోర్నకల్ నుంచి రావడానికి రెండు రోజులు. ఆరు రోజుల్లో పని అయిపోతుందని మేనేజరుకు అప్పటికే చెప్పి ఉన్నాను.

ఫిట్టర్ మల్లయ్య, కాశిబుగ్గ మనిషి, స్టోరు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఈపారి పని డ్రమ్ముల కూసుండి చేసుడే. లోపలంత చెమ్మ. కరెంటుది వద్దు, గాలి డ్రిల్లు తెప్పియ్యి."

"కంప్రెసర్ వచ్చేసరికి రెండు రోజులైతది మల్లన్నా. ఆరు రోజుల్ల పని ఒడువద్దా?"

"ఒడువకపోతే ఏడైతయి. ఇనుము కడుపుల కూసున్నోనికి కరెంటు సుట్టమైతదా?"

"నా లెక్క ఎన్నడన్న తప్పిందా?"

"తప్పలే. కని నీ లెక్క డ్రమ్ముల కూసోదు గదక్కా, కూసునేది నేను."

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. చెవులు మాత్రం కాలిపోయాయి.

కాగితంలో 'పని చేసే చోటు' అని ఒక గడి ఉండేది. 'డ్రమ్ము లోపల' అని రాస్తే ఇంజినీరు కరెంటు డ్రిల్లుకు ఒప్పుకోడు. అది మిల్లు నియమం. నేను 'బాయిలర్ షెడ్డు' అని రాశాను. ఆయన సంతకం పెట్టాడు. మల్లయ్య మీద కోపంతో రాశానా? కాదనే అనుకుంటాను. నా లెక్క నెగ్గాలని రాశాను. ఈ రెంటికీ తేడా ఎంత అని ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను.

డ్రిల్లు వచ్చిన రోజు మల్లయ్య ఒక్కటే అడిగాడు, "ఇంజినీరు సారు సూసిండా?" అని. చూశాడన్నాను. "అయితే ఫికర్ లేదు" అని తీసుకుపోయాడు.

లోపలున్నవాడు క్షేమమేనా అని బయటివాడు సుత్తితో డ్రమ్మును మూడుసార్లు తట్టాలి, లోపలివాడు మూడుసార్లు బదులివ్వాలి. అది మా మిల్లు పద్ధతి. గోడవతల నుంచి వచ్చే ఆ చప్పుడును కునికిపాట్లలో కూడా లెక్కపెట్టేదాన్ని. రెండో రోజు మధ్యాహ్నం బయటి మూడు వినబడ్డాయి. బదులు లేదు. మళ్లీ మూడు. కలలో ఎవరో తలుపు కొడుతున్నట్టు, అది నాది కాని తలుపైనట్టు, కదలకుండా కూర్చున్నాను. తర్వాత అరుపులు.

మల్లయ్య బతికాడు. కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. విచారణలో నా కాగితం చూపించి, షెడ్డుకని ఇచ్చిన డ్రిల్లును లోపలికి ఎందుకు తీసుకుపోయావని అడిగారు. కరెంటు దెబ్బకు ఆ వారమంతా ఆయనకు మసకబారింది. "అక్కకు చెప్పిన్నో లేదో, యాదికొస్తలేదు సారూ" అని నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను. ఆనాడు కిటికీ దగ్గర నవ్విన నలుగురినీ ఎవరూ పిలిచి అడగలేదు. ఆయనను పనిలోంచి తీసేశారు.

ఎనభై ఆరులో ఒకసారి బస్సెక్కి ములుగు వెళ్లాను. అత్తగారి ఊరని అక్కడే ఉంటున్నాడు. చెప్పేద్దామనే వెళ్లాను. ఎడమచేత్తో చాయ్ అందించాడు. కొంతసేపు ఊరి మాటలయ్యాక మెల్లగా అడిగాడు. "నిజం చెప్పక్కా. ఆనాడు నేను నీకు లోపలి పనని చెప్పిన్నా? ఏడేండ్ల సంది గదే సోచాయిస్తున్న."

"యాదికి లేదు మల్లన్నా" అన్నాను.

"గట్లయితే చెప్పలేదనే. నాదే తప్పు" అన్నాడు. అని, నా చాయ్ చల్లారిందని ఇంకో కప్పు పోయించాడు. తాగాను.

ఆయన ఇప్పుడు లేడు. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు, మిమ్మల్ని అడగడం లేదు. ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టాలి, అంతే. మల్లయ్య నాకు చెప్పాడు. స్పష్టంగా, నలుగురి ముందు చెప్పాడు. నేను విన్నాను.