దుప్పటికి అవతలి కొస

ఆమె ప్రేమకథలు రాయడం మొదలుపెట్టింది ఒళ్ళుమంటతో.

ఆస్పత్రి బట్టలు ఉతికే షెడ్డులో ఆమె పని. ఆరిన దుప్పట్లు మడతపెట్టాలి. అంత పెద్ద దుప్పటి ఒక్కరి చేతికి లొంగదు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, బిగలాగి, దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. అవతలి కొస పట్టేది పిన్ని. చుట్టరికమేమీ లేదు, షెడ్డంతటికీ ఆవిడ పిన్నే. ఈమెను మాత్రం అందరూ రుసరుస అనేవారు. తలుపు ఊరికే చప్పుడు చేసినా దానితో తగాదా పెట్టుకునే మనిషి మరి.

పిన్నికి చదువు రాదు. అందుకని వారపత్రికలో వచ్చే సీరియల్‌ను రుసరుస మడతలు పెడుతూ చెప్పేది. ఆఖరి భాగంలో కథానాయిక, తనను చెంపదెబ్బ కొట్టినవాడి కాళ్ళ దగ్గర కూర్చుని తననే క్షమించమంది. అది చెప్పబోయేసరికి రుసరుసకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికప్పుడు కథ మార్చేసింది. ఆ పిల్ల వాడి మొహాన తలుపు వేసింది. వాడు బయట నిలబడి బతిమాలుతున్నాడు. గొంతు బొంగురుపోయింది. ఇంకా బతిమాలుతున్నాడు.

దుప్పటి ఒక్కసారిగా బిగిసింది. పిన్ని నడవడం మరిచిపోయి నిలబడిపోయింది.

"తీసిందా, లేదా? చెప్పి చావవే."

అవతలి మనిషి ఊపిరి బిగబట్టడం గుడ్డ గుండా చేతికి తెలిసింది. అంత సంతోషం రుసరుస అదివరకు ఎరగదు.

సొంత కథ రాయడానికి కూర్చుంటే మాత్రం వెన్నెలా, పూలూ తప్ప ఇంకేమీ రాలేదు. వినిపిస్తే దుప్పటి జారి నేలమీద జీరాడింది. ఈ పిల్ల తిండి తినదా, పనికి పోదా, పొద్దస్తమానం ఆకాశం చూస్తుందేమిటని పిన్ని అడిగింది. రుసరుస ఆ పూటంతా మూతి ముడుచుకుని, ఇంటికెళ్ళి రాసిందంతా కొట్టేసింది. ఈసారి కథానాయికకు తాళాలు బాగుచేసే పని ఇచ్చింది. కథానాయకుడు తాళంచెవులు పారేసుకునే రకం. ఇక ఇద్దరూ కలవక ఛస్తారా? రోజూ రాసింది మర్నాడు చెప్పేది. దుప్పటి వదులైనచోటల్లా తను బొంకుతున్నట్టు లెక్క. ఆ చోటు మళ్ళీ రాసేది.

తన మీద కూడా ఒక కథ రాయమన్నాడు రుసరుస మొగుడు. రాస్తాను గానీ చదివేవాళ్ళను ఎవరు నిద్రలేపుతారంది.

కథ పూర్తిచేసి అదే వారపత్రికకు పంపింది. సంపాదకుడు పిలిపించాడు. అమ్ముడుపోని పాత సంచికల కట్టలు కుర్చీమీంచి తీసి, మర్యాదగా కూర్చోబెట్టాడు. కథ బాగుందట. సీరియల్‌గా వేస్తాడట. పేరు పెద్ద అక్షరాల్లో వస్తుందట. ఒక్క మార్పు కావాలి. మధ్యలో కథానాయకుడు ఆ పిల్లమీద చెయ్యి చేసుకోవాలి, ఆ దెబ్బతో ఆమెకు ప్రేమ తెలిసిరావాలి.

"చదివేవాళ్ళకు అదే ఇష్టమమ్మా. ఎంత, ఒక్క దెబ్బే కదా."

రుసరుస పళ్ళు నూరుకుంది. కానీ అచ్చులో తన పేరు కళ్ళముందు ఆడింది. కాగితాలు తెచ్చుకుని ఆ దెబ్బ రాసింది. పని చేతకానిది కాదు కదా, బాగానే రాసింది.

మర్నాడు మార్చిన సంగతి దాచి, ఆ భాగం చెప్పింది. పిన్ని చేతిలో కొస జారింది. ఉతికిన దుప్పటి తడినేల మీద పడింది. పిన్ని దాన్ని చూడలేదు.

"మా ఆయనా మొదట ఒక్కటే కొట్టాడు" అంది.

తర్వాత వంగి, దుప్పటి ఉండచుట్టి, మళ్ళీ ఉతకడానికి తీసుకుపోయింది. రుసరుసకు సంపాదకుడి మీద ఎంత కోపమో అంతకు రెట్టింపు తనమీద వచ్చింది. ఆ రాసిన చెయ్యి విరిచెయ్యాలనిపించింది.

మధ్యాహ్నం అన్నం మానేసి, తడి ఏప్రన్‌తోనే, కథ కాగితాల కట్ట పట్టుకుని ఆ పత్రికాఫీసుకు వెళ్ళింది. దెబ్బ లేకుండా వేస్తే వెయ్యండి, లేకపోతే లేదంది. కోపం తగ్గాక రమ్మన్నాడాయన.

"తగ్గదండీ. మొదటి పేజీ నుంచీ దానితోనే రాశాను."

ఆయన కట్ట తిరిగిచ్చేశాడు. దారి పొడుగునా తిట్టుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. పిన్నికి జరిగిందంతా చెప్పింది. దెబ్బ రాసింది తనేనని కూడా చెప్పింది.

పిన్ని ఆరిన దుప్పటి ఇంకొకటి తీసి విప్పింది. తర్వాత తన కొస అందుకుని, ఎదురుచూస్తూ నిలబడింది.

రుసరుస కొత్త కథ ఎత్తుకుంది. ఇందులో కథానాయకుడు ఒక పత్రిక సంపాదకుడు. మొదటి భాగంలోనే ఉద్యోగం పోగొట్టి, ఇదే షెడ్డులో మురికి బట్టల తొట్టి దగ్గర నిలబెట్టింది. పక్క బల్లల దగ్గర ఆడవాళ్ళు చేతులాపి విన్నారు. రుసరుసకు కోపమూ ఆగడం లేదు, నవ్వూ ఆగడం లేదు.

"ప్రేమ సంగతి తర్వాత చూద్దాంలే" అంది పిన్ని దుప్పటి బిగలాగుతూ. "ముందు వాడి కళ్ళలో సబ్బు పడనీ."