పోలయ్య పాటలో ఖాళీ

సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున ఆరింటికి శామీర్‌పేట దగ్గరి కాలనీ గేటు ముందు పరమేశ్ ఆటో ఆగాలి. జానకిరామయ్యను ఎక్కించుకుని మేడ్చల్ ఆసుపత్రిలో దింపాలి. అక్కడ డయాలిసిస్‌కు నాలుగు గంటలు పడుతుంది. ఈలోపు దుండిగల్ దిక్కు రెండు షేర్ ఆటో ట్రిప్పులు కొట్టి, పదకొండింటికల్లా మళ్లీ ఆసుపత్రి మెట్ల దగ్గరికి రావాలి. రెండేళ్లుగా ఇదే వరస.

పరమేశ్‌కు నలభై తొమ్మిదేళ్లు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఇరవై రెండేళ్లుగా ఆటో తోలుతున్నాడు. నడుముకు బెల్టు లేనిదే సీట్లో కూర్చోలేడు. సాయంత్రానికి కాళ్లు తిమ్మిరెక్కి, దిగి నిలబడాలంటే హ్యాండిల్ పట్టుకోవలసిందే. ఇంత అలసటలోనూ అతను వదలనిది ఒక్కటే, పాట. ఫోన్లో మూడు వందల దాకా ఉన్నాయి. అన్నీ అతను ఊళ్లు తిరిగి తిరిగి రికార్డు చేసుకొచ్చినవే. బోనాల్లో పాడినవి, పెళ్లి పందిట్లో పసుపు దంచుతూ పాడినవి, నాట్లలో పాడినవి. ప్రతి పాటకు ముందు తన గొంతుతోనే చెప్పుకున్నాడు, ఎవరు పాడారో, ఏ ఊరో.

ఆటో ఎక్కినవాళ్లకు మాత్రం అవి పట్టవు. "అన్నా, ఆపరాదే, తలకాయ నొస్తాంది" అనేవాళ్లే ఎక్కువ. కాలేజీ పిల్లల చెవుల్లో ఎలాగూ వేరే పాటలుంటాయి. పరమేశ్ సౌండ్ తగ్గించేవాడు.

జానకిరామయ్య మొదటి మూడు నెలలు నోరు విప్పలేదు. నరసాపురం వైపు మనిషి, టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. డయాలిసిస్ అయ్యాక వెనక సీట్లో తల వాల్చి, కళ్లు మూసుకుని ఇంటిదాకా అలాగే ఉండిపోయేవాడు. ఒకరోజు ఒక ఆడమనిషి పాట మోగుతుంటే, అలా కళ్లు మూసుకునే అడిగాడు.

"ఎవరు నాయనా ఆవిడ?"

"మా మేనత్త సారు, సాలమ్మ. ఉద్దెమర్రి దిక్కు నాట్లల్ల పాడంగ పట్టిన. ఆపాల్నా?"

"ఆపకు. మళ్లీ పెట్టు."

ఇరవై రెండేళ్లలో ఆ మాట అన్నవాళ్లు లేరు. పరమేశ్ అద్దంలో ఒకసారి ఆయన ముఖం చూసి, పాట మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

అప్పటినుంచి ట్రిప్పుకొక మనిషిని పరిచయం చేయసాగాడు. "గీయనకు కండ్లు కనవడవు సారు. డప్పు సప్పుడు విని, అది ఏ వాడకట్టుదో చెప్తుండె" అనేవాడు. "గీ అవ్వ పెండ్లిళ్లల్ల పాడవోతే, పెండ్లిపిల్ల తల్లి ఏడ్సిందాక ఇడవకపోతుండె." ఆయన వినేవాడు. కొన్నిసార్లు సగంలో నిద్రపోయేవాడు. పరమేశ్‌కు కోపం వచ్చేది కాదు. తన పాటకు ఒక మనిషి నిద్రపోయాడంటే అది కూడా మర్యాదే అనుకున్నాడు.

ఒక బుధవారం అతనే అడిగాడు. "రోజు నేనే చెప్తున్న. మీకిష్టమైనోళ్లు ఎవలు సారు?"

"పోలయ్య అని ఒకడుండేవాడు. మా కాలవ గట్టున తాడు భుజానేసుకుని ధాన్యం పడవలు లాగేవాడు. పడవ వంపు తిరక్కముందే గొంతు మా ఇంటికి వచ్చేసేది. నేను పుస్తకాలు పడేసి గట్టు మీద వాడి పక్కన పరుగెత్తేవాణ్ణి."

"ఫోన్ల ఉన్నదా సారు?"

"ఎక్కడ నాయనా? అప్పటికి మా ఇంట్లో రేడియోనే లేదు. ఎవరూ రాసుకోలేదు. ఇప్పుడు నాకు తప్ప ఇంకెవరికైనా గుర్తుందో లేదో."

"గట్లయితే మీరు పాడున్రి."

"నా గొంతా?" అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

నెలన్నర అడిగితే ఒప్పుకున్నాడు. రైల్వే గేటు పడి ఆటో ఆగిపోయిన ఒక మధ్యాహ్నం, పరమేశ్ ఫోన్ వెనక్కి చాపి పట్టుకున్నాడు. పక్కనే లారీ ఇంజను మోగుతుండగా, పొడిబారిన గొంతుతో ఆయన పాడాడు.

"కాలవ నిండ నీరుండే...
రేవు చూస్తే దూరముండే...
నడిచినంత నడిచినాము...
నడుము మాట వినకుండే..."

బాగా పాడలేదు. పైగా ప్రతి వరుస చివర ఆగిపోతున్నాడు. పాడటం ముగించి విసుగ్గా చెయ్యి ఊపాడు. "ప్రతి చోటా ఒక మాట ఉండాలి. పోయింది. అరవై ఏళ్లుగా వెతుకుతున్నా, దొరకలేదు. మాట పోయిన పాట నీకిచ్చి ఏం లాభం?"

ఆ వారమే పరమేశ్ దాన్ని సాలమ్మకు వినిపించాడు. నాట్లు వేసిన పొలాలు ప్లాట్లయ్యాక ఆమె ఒక మొక్కల నర్సరీలో కలుపు తీస్తోంది. అరవై ఆరేళ్లు. మట్టి చేతులతోనే ఫోన్ చెవికి పెట్టుకుని రెండుసార్లు విన్నది.

"సారును తోలుకరా అల్లుడా. నోటితోని చెప్పేది గాదు."

డయాలిసిస్ లేని మంగళవారం చూసుకుని బయల్దేరారు. "పడుకోమంటే ఎండలో ఊరేగుతారా?" అని జానకిరామయ్య భార్య అమ్మాజీ ఆయన మీద విసుక్కుంది. అలా అంటూనే, ఆయనకు రోజుకు కొలిచి ఇచ్చే నీళ్లలోంచి కొన్ని చిన్న సీసాలో పోసి పరమేశ్ చేతికిచ్చింది.

నర్సరీలో గులాబీ కుండీల వరస చివర సాలమ్మ ఉంది. జానకిరామయ్య అక్కడిదాకా నడవటానికి మూడుచోట్ల ఆగాడు. ఆమె లేచి కొంగుతో చెమట తుడుచుకుంది.

"ఏ మాట పోలే సారు. ఆడ మాటే లేదు."

"లేకపోవడమేంటమ్మా? ఖాళీ ఉందిగా?"

"ఉంటది. మా అన్న చెరువుల వల గుంజంగ సూడలేదా నేను? గుంజేటప్పుడు నోట్లకెల్లి మాటెట్లొస్తది? పండ్లు కరుసుకుంటరు. నాట్లల్ల గూడ నారు కుచ్చేటప్పుడు నోరు మూస్తం. లేచినంక మల్ల అందుకుంటం."

ఆయన నమ్మనట్టు చూశాడు. ఆమె పక్కనే పడి ఉన్న లావు నీళ్ల పైపు ఒక కొస ఎత్తి పరమేశ్‌కిచ్చింది. "తొక్కి పట్టుకో, ఇడువకు." రెండో కొస తన భుజాన వేసుకుంది. "ఇగ పాడున్రి సారు."

ఆయన పాడాడు. వరుస ఆగినచోట సాలమ్మ వంగి పైపు గుంజింది. మట్టిలో అది ఒక్క జానెడు జరిగింది. ఆమె కాలు నిలదొక్కుకునేసరికి పాట రెండో వరుస అందుకోవలసిన చోటుకు వచ్చింది. మళ్లీ ఆగాడు, మళ్లీ గుంజింది. నాలుగో వరుసకు ఆయన పాట ఆపి, తానూ పట్టుకుంటానని చేయి చాపాడు.

"ఎడమ చెయ్యి వద్దు సారు, సూదులు గుచ్చేది అదే గద" అన్నాడు పరమేశ్.

కుడిచేత్తో పట్టుకున్నాడు. ఈసారి ముగ్గురూ కలిసి నాలుగు వరుసలూ పూర్తి చేశారు. తర్వాత ఆయన ఇటుకల మీద కూలబడ్డాడు. చాలాసేపు ఊపిరి సరిగా అందలేదు. పరమేశ్ సీసా మూత తీసి ఇస్తే ఒక గుక్క తాగాడు.

"గట్టు మీద పరుగెత్తేవాణ్ణి. పాట వింటున్నాననుకున్నాను. తాడు ఒక్కనాడూ పట్టుకోలేదు" అన్నాడు.

సూపర్‌వైజర్ ఇటు తిరిగి చూస్తుంటే సాలమ్మ మళ్లీ కలుపులో కూర్చుంది.

తర్వాత చలికాలానికి జానకిరామయ్య బాగా చిక్కిపోయాడు. మాటలు కూడా తగ్గిపోయాయి. పరమేశ్ ఒకసారి ఆయన పాటే పెడితే, "నా గొంతు నేనే భరించలేను, మీ అత్తది పెట్టు" అన్నాడు. అంతకుమించి మాట్లాడే ఓపిక లేదు. పరమేశ్‌కూ నడుము నొప్పి ముదిరింది. దుండిగల్ ట్రిప్పులు మానేసి ఆసుపత్రి బయటే ఆటోలో నడుము వాల్చేవాడు.

ఒక గురువారం నర్సరీకి వెళ్లినప్పుడు, కలుపు తీస్తున్న ఆడవాళ్లంతా కలిసి పాడటం విన్నాడు. మర్నాడు తిరుగుదారిలో జానకిరామయ్యకు చెప్పాడు.

"మీ పోలయ్య పాట మా అత్త అందరికి నేర్పింది సారు. గని, రేవు అన్న మాట తీసేసిన్రు. 'బస్సు చూస్తే దూరముండే' అని పాడుతున్నరు. పని దిగినంక కరీంనగర్ రోడ్డు దాక నడువాలె గద."

అద్దంలో ఆయన కళ్లు మూసుకుని కనిపించాడు. పడుకున్నాడేమో అనుకున్నాడు పరమేశ్.

"ఖాళీ ఉంచారా?" అని అడిగాడు జానకిరామయ్య.

"ఉంచిన్రు సారు. కలుపు పీకేటప్పుడు ఆగుతున్నరు."

"అయితే మార్చుకోనీ."

కాలనీ గేటు చేరేసరికి ఆయనకు నిజంగానే నిద్ర పట్టింది. అమ్మాజీ చక్రాల కుర్చీ తోసుకుంటూ ఎదురొచ్చి లేపబోయింది.

"రెండు నిమిషాలు పండుకోనియ్యున్రి అమ్మా" అన్నాడు పరమేశ్.

ఆమె కుర్చీ పిడి వదిలేసి ఆటోకు ఆనుకుని నిలబడింది. పరమేశ్ కూడా దిగి, నడుముకున్న బెల్టు కొంచెం వదులు చేసుకున్నాడు.